మామా పెట్టిన టర్కీ పాట

మొన్న శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలోని మా బిల్డింగు కింద కొట్లో ఉల్లిపాయలు ఏరుతుంటే, కొట్టతను ఫోన్లో ఓ టర్కీ పాట పెట్టాడు. నా చెయ్యి ఆగిపోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చున్నీ తలమీదికి లాక్కున్నాను కూడా!

పదేళ్ళ కిందట ముబారక్ అల్ కబీర్‌లో ఓ కువైటీ ఇంట్లో వంటకు కుదిరాను. ఇంటావిడని పనివాళ్ళందరిలాగే నేనూ మామా అనేదాన్ని, అంటే వాళ్ళ భాషలో అమ్మా అని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ వంటింట్లో టీ తాగుతూ ఈ పాట పెట్టుకుని కళ్ళు ఒత్తుకునేది. వంటింటి అరబ్బీ నాకప్పటికే వచ్చు, ఈ పాటలో మాత్రం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అర్థం కానిదల్లా మంత్రమేనని దండం పెడుతూ పెరిగినదాన్ని కదా, ఇదీ వాళ్ళ దేవుడి పాటే అనుకున్నాను. పాట మొదలవగానే మిక్సీ ఆపి, ముసుగేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. ఊరికే నిలబడతానా? అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఉన్న మా బావ నా రెండేళ్ళ ఒప్పందం అయ్యేదాకా పెళ్ళికి ఆగాలి స్వామీ, అని నా మొర కూడా అందులో కలిపేసేదాన్ని. ఆగుతానని మాటిచ్చే పంపించాడు లెండి. నన్నలా చూసి మామా పాట ఇంకాస్త పెద్దది చేసేది.

ఓ రోజు పొద్దున్నే అమ్మ ఫోను. “మీ బావకి మొన్న పెళ్ళయిపోయిందే. చెప్తే నువ్వక్కడ ఏవైపోతావోనని ఊరుకున్నాం.”

ఆ మధ్యాహ్నం మామా మళ్ళీ పాట పెట్టింది. ఒళ్ళు మండిపోయింది. పని పోతే పోయిందని అరిచేశాను. “ఖలాస్ మామా, ఆపెయ్యి! మీ దేవుడు నా మాట వినలేదు.”

ఆవిడ బిత్తరపోయింది. “దేవుడా? ఇది టర్కీ పాట. మా అమ్మాయి అర్థం చెప్పింది, వదిలేసి పోయినవాడి కోసం ఒకావిడ ఏడుస్తోంది. నువ్వలా నిలబడితే, నీకూ ఎవడో ఉన్నాడనుకుని గట్టిగా పెడుతున్నాను.”

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. మామా పొయ్యి ఆపి, నా పక్కనే నేలమీద కూర్చుంది. వచ్చీరాని అరబ్బీలో బావ సంగతంతా చెప్పుకున్నాను. ఓపిగ్గా వింది. తను కూడా ఒకణ్ణి మనసులో పెట్టుకుందట, ఇంట్లోవాళ్ళు మనలాగే సొంతవాళ్ళలో కుర్రాడికిచ్చి చేశారట. ఆ కుర్రాడు, అంటే మా పెద్దాయన, ముందు గదిలో టీవీ చూస్తున్నాడు. మామా గొంతు తగ్గించింది.

“నువ్వు బావ దక్కలేదని ఏడుస్తున్నావు. నేను బావే దక్కాడని ఏడుస్తున్నాను.”

ఇద్దరం నోరు నొక్కుకుని నవ్వాం. ఆ సాయంత్రం నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకుండా ఆవిడే వండి, నాకు వడ్డించింది. రెండేళ్ళు ఆగలేనివాడి కోసం నేనెన్నేళ్ళు ఏడ్చేదాన్నో తెలియదు గానీ, ఆ తల్లి చలవ వల్ల అది ఒక్క మధ్యాహ్నంతో తీరిపోయింది.