బొగ్గు తవ్వే వేళ్లు

ఇయ్యాల మా బాపుకు మొదటి టచ్ ఫోన్ కొందామని పోయినం. మా బొగ్గుగని కాలనీల ఫోన్ల షాపు ఒక్కటే, అండ్ల ఉన్నయి రెండే రకాలు. బాపు ఒకటి చేతిల పట్టుకుంటే షాపాయన గుంజుకున్నడు.

"బొగ్గు తవ్వే వేళ్లకు టచ్ పని చెయ్యదు కాకా, బటన్ ఫోన్ తీస్కో."

నాకు ఒళ్లు మండింది. సీదా పెద్దపల్లి పోయి మంచి ఫోన్ కొన్నం. వచ్చేటప్పుడు బస్సులనే బాపును ఆయన షిఫ్టోళ్ల వాట్సాప్ గ్రూపుల చేర్పిచ్చి, వాయిస్ మెసేజ్ పెట్టుడు నేర్పిన. మళ్ల గదే షాపు ముంగట నిలబడి, బాపు ఆ గ్రూపుల వాయిస్ పెట్టిండు: "ఈ షాపుల ఎవ్వరు ఫోన్ కొనకుండ్రి."

షాపాయన ఉరికొచ్చిండు. "కాకా, జల్ది డిలీట్ చెయ్యి!"

"బొగ్గు తవ్వే వేళ్లు బిడ్డా, టచ్ పని చేస్తలేదు" అన్నడు బాపు.

డిలీట్ చేసుడు నాకొస్తది. బాపుకు మాత్రం నేర్పలేదు. మీరైతే నేర్పుతురా?