పట్టీలక్క పట్టు

బస్సు డిపోలో ఆమె అసలు పేరు అడిగితే పక్క మిషను మీద కుట్టేవాళ్ళు కూడా కాసేపు బుర్ర గోక్కుంటారు. పట్టీలక్క అంటే మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఇట్టే చూపిస్తాడు. పగలంతా చిరిగిన బస్సు సీట్లకు కొత్త రెక్సిన్ తొడిగి కుడుతుంది. సాయంత్రం డిపో ఆడవాళ్ళ వాలీబాల్ జట్టుకు వేళ్ళకూ, చీలమండలకూ, మోకాళ్ళకూ పట్టీలు వేస్తుంది. రెండూ ఒకటే పని అంటుంది నవ్వుతూ.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె కూడా ఆ కోర్టులో గాల్లోకి ఎగిరిన మనిషే. ఒక సెమీఫైనల్ రోజు పొద్దున్నే అన్నయ్య ఇంట్లో రాద్ధాంతం చేశాడు. "ఇంకా గంతులేంటి, సిగ్గులేదా?" అన్నాడు. ఆ మాట చెవుల్లో గింగురుమంటుండగానే ఆడింది. బంతి కోసం ఎగిరినప్పుడు పక్కనుంచి తోటి పిల్ల కూడా ఎగరడం కంటికి ఆనలేదు. దిగడం ఆ పిల్ల పాదం మీద దిగింది. మోకాలు పోయింది. నేల తడిగా ఉందన్నారు, బూట్లు అరిగిపోయాయన్నారు. ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేల పొడిగానే ఉందని ఆమెకు తెలుసు.

అందుకే పట్టీ చేతికి తీసుకునే ముందు తను అడుగుతుంది. నిద్ర పడుతోందా? పనిలోగానీ ఇంట్లోగానీ మనసును ఏదైనా తొలిచేస్తోందా? కిందికి దిగేటప్పుడు భయమేస్తోందా? కోచ్‌కు ఈ ప్రశ్నలంటే ఒళ్ళు మంట. "సోది చెప్పించుకోవడానికి వచ్చారా, ఆడటానికి వచ్చారా?" అని గదిమేవాడు. ఆమె వినీ విననట్టు పట్టీ చుడుతూనే ఉండేది.

డిపోలో టైమ్‌కీపర్‌గా చేసే అమ్మాయికి చీలమండ బెణికి మానిపోయింది. అంతా బాగుందని డాక్టరు చెప్పేశాడు. అయినా ఆ పిల్ల ఎగిరితే ఒంటికాలి మీదే దిగేది. కోచ్ దాన్ని నాటకాలన్నాడు. పట్టీలక్క ఆ అమ్మాయిని మూడు వారాలు పక్కకు తీసుకెళ్ళింది. మొదట మెట్టు మీదనుంచి దూకించింది, తర్వాత బల్ల మీదనుంచి, ఆ తర్వాత పక్కన ఇంకో మనిషిని నిలబెట్టి నెట్ దగ్గర. దూకే ముందు ప్రతిసారీ నిదానంగా ఊపిరి వదలమనేది.

"భయపడకు అని నేను చెప్పను," అనేది. "భయమేస్తే వేస్తోందని చెప్పు. ఇవాళ ఎంత ఎత్తు నుంచి దూకగలవో అంతే దూకు."

మూడో వారం చివర ఆ అమ్మాయి రెండు కాళ్ళ మీదా దిగి, తనకు తానే నమ్మలేక పకపకా నవ్వింది.

అసలు గొడవ ఫైనల్ రోజున వచ్చింది.

జట్టులో పొడవైన మనిషి ఒక కండక్టరు. నిచ్చెన అని పిలిచేవారు. వారం క్రితం ఆమె బస్సులో డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే, దిగడానికి లేచి నిలబడ్డ ముసలాయన పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బస్సు ఆగకముందే ఆయన్ని ఎందుకు లేవనిచ్చావంటూ సోమవారం విచారణకు రమ్మని నిచ్చెనకు కాగితం వచ్చింది. ఫైనల్ శనివారం.

డ్రెస్సింగ్ రూములో పట్టీలక్క ఆమె భుజం పట్టుకుని చూసింది. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. తర్వాత తన చెయ్యి ఆమె చెవి పక్కకు చాపి వేళ్ళు చూపించింది.

"నా మొహమే చూడు. ఇటు పక్క ఎన్ని వేళ్ళు?"

"ఏ పక్క?" అంది నిచ్చెన.

"ఎన్ని రోజులైందే నిద్రపోయి?"

"నాలుగు. అక్కా, నీకు దండం పెడతా, ఆడనివ్వు. ఆ కాసేపన్నా ఆ ముసలాయన కళ్ళముందు నుంచి పోతాడు."

"పోకపోతే? నువ్వు గాల్లో ఉండగా వస్తే?"

నిచ్చెన తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోంది.

కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఇంకా కట్టు కట్టలేదా?"

"కట్టను సార్."

"ఏంటీ?"

"నా చేత్తో కట్టను. ఈ పిల్ల ఇవాళ ఎగరకూడదు."

"దెబ్బ ఎక్కడ తగిలింది? చూపించు!"

"తగిలాక చూపించడానికి నేనెందుకు సార్? ఆసుపత్రి ఉందిగా."

కోచ్ మొహం జేవురించింది. టేపు చుట్ట కోసం చెయ్యి చాపాడు. ఆమె దాన్ని జాకెట్ జేబులో పెట్టుకుని జిప్పు లాగేసింది. అప్పుడు నిచ్చెనే లేచి కళ్ళు తుడుచుకుంది. "సార్, నేనే ఆడను. అక్కను ఏమీ అనకండి," అంది.

జట్టు ఓడిపోయింది. అదీ చిత్తుగా. ఆడి ఉంటే నిచ్చెనకు దెబ్బ తగిలేదో లేదో ఎవరూ చెప్పలేరు. పట్టీలక్క కూడా చెప్పలేదు. "గెలిచేవాళ్ళమేమో కూడా," అని ఒప్పుకుంది. "అయినా మళ్ళీ ఇదే చేస్తా."

సోమవారం డిపో స్పోర్ట్స్ సెక్రటరీ ఆమెను పిలిపించి, ఇక జట్టుకు పట్టీలు వేయొద్దని మందుల డబ్బా తాళంచెవి తీసేసుకున్నాడు. ఆమె బల్ల మీద ఠపీమని పెట్టి వచ్చేసింది. ఆ సాయంత్రం మామూలు వేళకే కోర్టుకు వెళ్ళి, మెట్ల మీద దర్జాగా కూర్చుంది. ఇక్కడెందుకు కూర్చున్నావని కోచ్ అడిగాడు.

"డబ్బా మీది సార్. మెట్లు అందరివీ."

డిస్పెన్సరీ నుంచి వచ్చిన నర్సమ్మ చక్కగానే పట్టీలు వేసింది. కానీ ఆడేవాళ్ళు పట్టీ వేయించుకుని తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి, అక్కతో రెండు మాటలు మాట్లాడాకే కోర్టులోకి దిగేవారు. పది రోజులు చూసి నర్సమ్మే వచ్చి పక్కన కూర్చుంది. "ఏం అడుగుతావో నాకూ చెప్పవమ్మా," అంది. పదకొండో రోజు కోచ్ ఈల వేస్తే ఎవరూ కదల్లేదు. టైమ్‌కీపర్ అమ్మాయి ముందుగా నేల మీద చతికిలబడింది. తర్వాత మిగతావాళ్ళంతా కూర్చున్నారు. విచారణలో మందలింపుతో బయటపడి, వారం రోజులు కడుపునిండా నిద్రపోయి వచ్చిన నిచ్చెన అందరి తరఫునా లేచింది. "అక్క లోపలికొస్తేనే సార్," అంది.

కోచ్ అరిచాడు, గొణిగాడు, చివరికి తాళంచెవి తెప్పించాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఏడాది గడిచేసరికి జట్టులో దెబ్బలు తగ్గాయని ఆఫీసు వాళ్ళకే అనిపించింది. సెక్రటరీ ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టి, కొత్త రిజిస్టరు ముందుకు జరిపాడు. ఎవరికి ఏ దిగులుందో, ఇంట్లో ఎవరికి ఏ గొడవలున్నాయో వారం వారం రాసి ఇవ్వమన్నాడు.

"దేనికి సార్?"

"పై వాళ్ళకు పంపాలి. నీకే మంచి పేరు."

"మీ బల్ల మీదికి వస్తుందని తెలిస్తే ఏ పిల్లా నా దగ్గర నోరు విప్పదు. విప్పకపోతే మళ్ళీ మోకాళ్ళు పోతాయి. నేను రాయను."

"రాయకపోతే తాళంచెవి—"

"తీసుకోండి. మెట్లెక్కడున్నాయో నాకు తెలుసు."

జట్టంతా నేల మీద కూర్చున్న రోజు సెక్రటరీకి గుర్తొచ్చింది. చివరికి రిజిస్టరులో రెండే గడులు మిగిల్చారు: ఆడవచ్చు, ఆడకూడదు. ఆ రెండింట్లో ఏదో ఒకదానికి ఆమె టిక్కు పెడుతుంది. ఎందుకని అడిగితే పెదవి విప్పదు.