బెల్టు విప్పించిన పచ్చిక మైదానం

హిమాచల్‌లోని ఒక జాతీయ పార్కుకి నేనూ నా భార్య సరళా వెళ్ళింది మోనాల్ అనే కొండపక్షి కోసం. దాన్ని ఫోటో తీయాలని అల్వాల్ నుంచి బరువైన కెమెరా మోసుకెళ్ళాను. దేవదారు అడవి దాటి, ఆయాసపడుతూ పచ్చిక మైదానం అంచుకి చేరాక మా గైడు దీనూరామ్ నన్ను ఆపాడు.

"సార్, బెల్టు ఇక్కడ వదిలేయండి. పైన జోగినులుంటారు, మా కొండదేవతలు. తోలు తీసుకెళ్ళకూడదు," అన్నాడు హిందీలో.

నా ప్యాంటు అసలే వదులు. "ఎవరు చూస్తారయ్యా?" అన్నాను విసుగ్గా.

"వాళ్ళే చూస్తారు," అన్నాడు మామూలుగా.

"ఏందండి గిట్ల పరేషాన్ చేస్తరు? గుడికి వోతే చెప్పులు ఇడుస్తలేరా? విప్పుండ్రి జెర," అంది సరళ.

బెల్టు బండమీద పెట్టి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నడిచాను. అంతలో గడ్డిలోంచి మోనాల్ లేచింది. మెడ మీద ఆకుపచ్చ, వీపు మీద నీలం, తోక రాగిరంగు. రెండు చేతులతో కెమెరా ఎత్తాను. ప్యాంటు జారింది. దాన్ని అందుకునేలోగా పక్షి లోయలోకి దిగిపోయింది.

సాయంత్రం కొండ దిగాక ఊళ్ళో దీనూరామ్ అందరికీ మోనాల్ కనిపించిన సంగతి చెప్పాడు. ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుని, "ఎలా కనిపించింది బేటా?" అని అడిగింది. వచ్చీరాని హిందీలో చెబుతుంటే అందరూ చుట్టూ చేరి విన్నారు. ఫోటో ఏదని ఒక్కరూ అడగలేదు.

అల్వాల్‌కి తిరిగొచ్చాక మా తమ్ముడు అడిగిన మొదటి మాట అదే. లేదన్నాను.

"గట్లయితే సూసినట్టు ఏం లెక్కనే అన్నా?" అన్నాడు.

కోపం దిగమింగి, మొదటినుంచి చెప్పడం షురూ చేశాను. సగంలోనే వాడు ఫోన్‌ తీసి చూసుకోసాగాడు.