చిన్నమ్మ రోట్లె యాపాకు

ఇయ్యాల మా మందమర్రి క్వార్టర్ల చిక్కుడు తీగకు పేను పట్టిందని యాపాకు నూరిన. ఆ పచ్చి వాసనకు మా అవ్వ మొఖం కండ్ల ముంగట నిలవడ్డది. మీ ఇండ్లల్ల గూడ కందిచేనుకు యాపాకు రసం కొట్టేటోళ్లు, యాదికున్నదా?

మా నాయిన, చిన్నాయిన పంపకంల వాకిట్ల రోలు చిన్నమ్మకు పోయింది. ఓసారి అవ్వ అండ్లనే యాపాకు దంచుతుంటే చిన్నమ్మ వచ్చి రోకలి గుంజుకున్నది.

"ఇండ్ల నూరే నా పచ్చడి తొక్కులు చేదైతయి. నీ పురుగుల మందు బయట దంచుకో పో" అన్నది, కూలికొచ్చిన కైకిలోళ్లందరి ముంగట.

అవ్వ ఆకు ఎత్తుకొని పోయి బాయికాడ బండ మీద రాయితోని నూరింది. చేతులు బొబ్బలెక్కినయి. రాత్రంతా నానబెట్టి, పాత చీరల వడగట్టి, కుంకుడు రసం కలిపి చేనంత చల్లింది.

కాయ పట్టేయాళ్లకు మా కంది నిలిచింది. చిన్నమ్మ చేన్ల ఏ కాయ ఇప్పినా పచ్చ పురుగే. పరేషానై మా ఇంటికొచ్చింది.

"అక్కా, ఆ రసం ఎట్ల చేస్తవో జర చెప్పవా?"

అవ్వ మెల్లగ నవ్వింది. "దాందేమున్నది చెల్లె, రోట్లెనే దంచాలె. బండ మీద నూరితే పని చెయ్యది."

ఆ ఏడంత అవ్వ గిన్నె పట్టుకొని చిన్నమ్మ ఇంటికి తొక్కుకు పోయేది. ఆమె ముంగటనే ఒక్క బుక్క తిని అడిగేది: "ఏంది చెల్లె, జర చేదున్నది?"