చల్లదనం కోసం వేసిన బోరు

నంద్యాలలో మేము చాలా ఏళ్లు అద్దెకున్నది పై అంతస్తులో. ఎండాకాలం స్కూలు నుంచి వచ్చి తలుపు తీస్తే లోపలి వేడి ముఖాన కొట్టేది. దానికి తోడు నలభై ఐదు దాటాక నాకు ఒంట్లోంచే సెగలు మొదలయ్యాయి. నెలసరి ఆగే వయసు, కొన్నాళ్లు ఇంతే అంది డాక్టరమ్మ. ఏసీ పెడితే సాయంత్రానికి వోల్టేజి పడిపోయి ఆగిపోయేది. మెడకు తడి తువ్వాలు చుట్టుకుని పిల్లల పేపర్లు దిద్దేదాన్ని.

అందుకే, మా ఆయన ఉద్యోగం చేసే ఆళ్లగడ్డలో సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను కోరింది ఒక్కటే. వంటగది చిన్నదైనా సరే, ఇల్లు చల్లగా ఉండాలి. భూమిలోకి లోతుగా గొట్టాలు దింపి ఇంటిని చల్లబరిచే పద్ధతి ఉందని చదివి, హైదరాబాదులో ఆ పని చేసే ఒక ఇంజనీరును పట్టుకున్నాను. మామూలు ఏసీ ఇంట్లో వేడిని బయటి వడగాలిలోకి తోస్తుందని, ఇది భూమిలోకి తోస్తుందని ఆయన ఓపికగా చెప్పాడు. లోతున నేల ఏడాదంతా ఒకే తీరుగా ఉంటుంది, అందుకని కరెంటు తక్కువ పడుతుందట. చలికాలంలో ఇంటిని వెచ్చగా కూడా ఉంచుతుందన్నాడు.

"ఆళ్లగడ్డలో వెచ్చగానా?" అని మా ఆయన పగలబడి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నెలల తరబడి వాదించాను. "మిద్దె మీద సున్నం కొడితే సరిపోతాది గదక్కా" అని మేస్త్రీ నా ఆశ మీద నీళ్లు చల్లాడు. చివరికి మా ఆయన విసిగిపోయి సరేనన్నాడు. నమ్మి కాదు, నా పోరు పడలేక.

ఆ తర్వాత పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. ఆమె బోరులో నీళ్లు అప్పటికే సన్నగిల్లాయి.

"ఏందమ్మా, ఈడ బోరేస్తాండారంట?"

"నీళ్లకు గాదు పెద్దమ్మా, చల్లదనానికి. గొట్టం దింపి మూసేస్తాం."

"చల్లదనానికి బోరా? యాడన్నా ఉందా ఇది?"

"మీ నీళ్లు చుక్క కూడా తియ్యం. మాటిస్తాండా."

ఆమె సరేనని వెళ్లింది.

బోరు లారీ వచ్చిన రోజు ఇల్లంతా బూడిదరంగు దుమ్ము. మధ్యాహ్నం దాటాక ఆ దుమ్ము ఉన్నట్టుండి బురదైంది. వెనకే నీళ్లు ఎగజిమ్మాయి. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. మా ఆయన నిలువునా తడిసి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. మా చర్చి పాస్టరుగారు వచ్చి అక్కడే నిలబడి ప్రార్థన చేశారు. నేను పక్కకు వెళ్లి ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"నీళ్లుంటే మనకు ఇంకా మంచిది మేడం, వేడి తొందరగా లాగేస్తుంది. గొట్టం దింపి చుట్టూ బంకమట్టి నింపించండి" అన్నాడాయన.

ఆ మాటే బోరు అతనికి చెప్పాను. అతను నన్ను వదిలేసి మా ఆయన వైపు చూశాడు.

"నీళ్లు పడిన బోరును మట్టేసి పూడుస్తావా మే? తలకాయ తిరిగిందా నీకు?" అని మా ఆయన నా మీద అరిచాడు.

"ఇది నీళ్లకు ఏసింది గాదు గదా. పెద్దమ్మకు మాటిచ్చినా."

"దేవుడిచ్చిన నీళ్లు. ఊరుకో ఇంక."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. పోనీ, దీన్ని నీళ్లకే ఉంచి, గొట్టాల కోసం ఇంకా వేయాల్సిన బోర్లైనా వేయమన్నాను.

"ఇన్ని నీళ్లు పడినాక ఇంకో బోరేందక్కా? తొందరగా చెప్పన్నా, బండి ఉయ్యాలవాడకు పోవాల" అన్నాడు బోరు అతను, మళ్లీ మా ఆయనతోనే. ఆయన పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. లారీ వెళ్లిపోయింది.

గోడ అవతల పెద్దమ్మ నిలబడి ఉంది. "నీళ్లకు గాదంటివే అమ్మా" అంది. అంతే. మా పెరట్లో నీళ్లు పారుతుంటే, అవి నాకొద్దని ఎవరికి చెప్పను?

గృహప్రవేశమైన మొదటి ఎండాకాలంలోనే ఆమె బోరు ఎండిపోయింది. మా బోరు వల్లనో, దానంతట అదే ఎండిందో ఎవరూ చెప్పలేరు. నేను పట్టుబట్టి గోడ మీదుగా ఆమె తొట్టిలోకి పైపు వేయించాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. పెద్దమ్మ రోజూ నీళ్లు పట్టుకుంటుంది, నాతో మాత్రం మాట్లాడదు.

ఇంటికి ఏసీయే పెట్టాం. ఆళ్లగడ్డలోనూ సాయంత్రమైతే వోల్టేజి ఉండదు. ఇల్లు చూడవచ్చిన చుట్టాలు ముందు కొళాయి తిప్పి, నీళ్ల ధార చూసి, "అదృష్టవంతురాలివమ్మా" అంటారు. పైట చెంగుతో మెడ తుడుచుకుంటూ, "లోపలికి రండి" అంటాను.