బస్టాండు మైకు అడగడానికి ఉదయగిరి వెళ్లిన రోజు

మళ్లీ భోజనాల టైముకే పెట్టారు ప్రోగ్రాము. ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. సాంబారు బకెట్‌తో పోటీపడి గెలిచిన హాస్యగాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. స్టేజీకీ వడ్డించే బల్లలకీ కాస్త దూరం ఉంచండయ్యా అంటే సరే సరే అంటారు. తీరా వెళితే మధ్యలో చేతులు కడుక్కునే డ్రమ్ము ఒక్కటే అడ్డం ఉంటుంది. ఈసారి ఆత్మకూరులో ఒక హెడ్మాస్టరు గారి రిటైర్మెంటు. పన్నెండింటికి నేను, పన్నెండున్నరకి పప్పు. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఊరుకోలేదు, ఆయన మేనల్లుడు ఫోన్లో "ఆ బస్టాండు మైకు ఐటెం గూడా ఉంటాది గదా సార్?" అని అడిగితే "ఎందుకుండదు" అనేశాను. ఆ ఐటెం నాది కాదు. ఉదయగిరి మస్తాన్‌ది. అందుకని ఆత్మకూరు పోవాల్సిన మనిషిని ముందు ఉదయగిరి బస్సెక్కాను.

కొత్తగా చదివేవాళ్లకి చెప్పాలి. మస్తాన్, నేను ఇరవై ఆరేళ్లు ఒకే స్టేజీ మీద జనాన్ని నవ్వించాం. ఇప్పటి పిల్లలు దీన్ని స్టాండప్ అంటున్నారు. పేరు మారింది, మోకాళ్ల నొప్పి మారలేదు. మస్తాన్ పుట్టించిన ఐటెమే బస్టాండు మైకు. బస్సుల పేర్లు అనౌన్సు చేసే ఒకాయన మైకు ఆపడం మరిచిపోయి ఇంట్లో భార్యతో ఫోన్లో గొడవ పెట్టుకుంటాడు. బస్టాండులో జనం బస్సులెక్కడం మానేసి వింటుంటారు. అనౌన్సరు, భార్య, జనం, చివరికి ఆ పాత మైకు గరగర, అన్నీ ఒక్క గొంతులోంచే తీసేవాడు. నిరుడు ఆ గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. గడ్డతో పాటు మాటా పోయింది. ఆరు నెలలు చూద్దాం అన్నారట డాక్టరు. ఎనిమిదో నెల నడుస్తోంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసి పెట్టింది కాదు. ఒకరి ఐటెం ఇంకొకరు చేయాలంటే, పుట్టించినవాడు ముందు వరుసలో కూర్చుని ఒకసారి చూడాలి. అయ్యాక ఒక తప్పు చెప్పాలి. తప్పు చెప్పాడంటే దిద్దుకుని చేసుకో, ఇక నీది అని అర్థం. బాగుంది అన్నాడంటే ఇవ్వలేదని అర్థం. అందుకే మేం ఒకరినొకరం ఎప్పుడూ మెచ్చుకోం. చూసేవాళ్లు మాకు పడదనుకుంటారు.

కలిగిరిలో ఆరింటి బస్సు పట్టుకుంటే వింజమూరు, దుత్తలూరు మీదుగా ఎనిమిది లోపు ఉదయగిరి చేరతారు. టికెట్టు వంద లోపే. ఎడమ వైపు కూర్చోండి, ఎండ తగలదు. ఆ రోజు ఎండా లేదు, వానా లేదు. శ్రావణం సగం అయినా చినుకు పడక, దున్ని వదిలేసిన చేలు రోడ్డుకి రెండు పక్కలా బూడిద రంగులో పడి ఉన్నాయి. కండక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"ఏందన్నా, ఈ మధ్య టీవీలో కనబడ్డం లేదు?"

"నేనెప్పుడు కనబడినాను నాయనా?"

"అదే నేను గూడా అంటుండా," అని టికెట్టు చించి ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసుకి ఆ ఒక్క మాటలో రిపోర్టు రాసేశాడు.

ఉదయగిరిలో దిగగానే కొండ మన మీద పడబోతున్నట్టు ఎదురుగా నిలబడుతుంది. దుర్గం చూడాలనుకునేవాళ్లు వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టి, పది గంటలకల్లా దిగిపోవాలి. పైన నీడ తక్కువ, నీళ్లు మీరే మోసుకుపోవాలి. నేను ఎక్కలేదు. బస్టాండు దగ్గర రేకుల కింద దోసెలు పోసే ఒక పెద్దమ్మ ఉంది. కారం దోసె నలభై రూపాయలు. రెండోది అడిగితే అట్లకాడ పైకెత్తి అడిగింది.

"కొండెక్కతావా?"

"లేదమ్మా, ఒక మనిషిని చూడాల."

"అయితే తిను. కొండకైతే ఒకటే పోస్తా నేను, సగం దూరంలో కూలబడి నన్ను తిట్టుకుంటారు."

మస్తాన్ వాళ్లది చెక్క గరిటెల ఇల్లు. తాతల నాటి నుంచి అడవి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. ప్రోగ్రాములు లేని రోజుల్లో అతనికి అదే పని. ఇప్పుడు రోజూ అదే పని. కొనాలనుకునేవాళ్లు ఇలాంటి ఇళ్లకే పోయి కొనండి, చెక్కిన చేతికే డబ్బు పోతుంది. నేను వెళ్లేసరికి గడప పక్కన కూర్చుని ఒక చెంచాకి ఉప్పుకాగితం పడుతున్నాడు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ. నన్ను చూసి లేచి, రెండు చేతులూ పట్టుకుని, నోరు తెరిచాడు. గాలి వచ్చింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాశాడు: "లావయ్యావు."

"నువ్వు తగ్గినావు గదరా, ఆ లావు నాకొచ్చినాది," అన్నాను. భుజాలు కదిలాయి. ఇప్పుడు అతని నవ్వు అంతే.

టీ కోసమని లోపలికి పిలిచి అతని భార్య షమీమ్ గొంతు తగ్గించింది.

"పెంచలన్నా, ఐటెం అడగబాక."

"నేనడగడానికి వచ్చినానని ఎవరన్నారు?"

"పండ్లు తెచ్చినావు. ఇన్నేళ్లలో నువ్వెప్పుడన్నా ఈ ఇంటికి పండ్లు తెచ్చినావా?"

కిలో ద్రాక్ష నన్ను పట్టించింది.

"రోజూ తెల్లారి నమాజు నుంచి వచ్చి, అదో, ఆ కర్రలు పెట్టుకునే మూలలో నిలబడతాడన్నా," అంది. "గోడకి తిరిగి బస్సుల పేర్లు చెప్పి చూసుకుంటాడు. కలిగిరి, కొండాపురం, జలదంకి, అట్టా. గాలి తప్ప ఏం రాదు. అయినా మళ్లా రేపు చెప్తాడు. నువ్వు ఐటెం తీసుకుంటివంటే, ఇంక రాదని ఆయన ఒప్పుకున్నట్టే గదా. ఆ మూలకి పోడు. నాకు ఆయన ఆ మూలకి పోవాలన్నా."

అడగనని మాటిచ్చాను. ఆ మేనల్లుడికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, గొంతు పట్టేసిందనైనా చెప్పొచ్చు అనుకున్నాను. అనుకున్నాక నాకే సిగ్గేసింది, చెప్పడానికి అంతకంటే వేరే అబద్ధం దొరకలేదా అని. టీ తాగి లేస్తుంటే మస్తాన్ పుస్తకం ముందుకు తోశాడు. "ప్రోగ్రాం ఎక్కడ?" ఆత్మకూరు అన్నాను. "నేనూ వస్తా." షమీమ్ నా వైపు చూసింది. నేను గరిటెల వైపు చూశాను. అప్పటికే అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకి తొమ్మిదిన్నరకి బస్సు ఉంది, గంటన్నర పైచిలుకు ప్రయాణం. ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. పాతికేళ్లలో ఈ దారిలో మేం మాట్లాడకుండా వెళ్లింది లేదు. ఇప్పుడు నేను ఒక మాట అంటే అతను రాసి చూపించేలోగా బస్సు గుంతలో పడి అక్షరాలు చెదిరిపోతున్నాయి. కాసేపటికి ఇద్దరం మానేశాం. దిగబోయే ముందు మాత్రం "గిరాకీ ఎట్టా ఉంది?" అని రాశాడు.

"సాంబారుకి బాగుండాది," అన్నాను.

ఆత్మకూరు బస్టాండు నుంచి ఫంక్షన్ హాలుకి ఆటోలో ఇద్దరికీ నలభై తీసుకున్నాడు. గేటు దగ్గర దిగి తలెత్తితే ఫ్లెక్సీ. హెడ్మాస్టరు గారి ఫోటో పెద్దది, పక్కన నాది చిన్నది, నా ఫోటో కింద ఎర్ర అక్షరాలు: "పెంచలయ్య గారి బస్టాండు మైకు." మస్తాన్ చదివాడు. ఆటో వెళ్లిపోయింది. అతను ఇంకా చదువుతూనే ఉన్నాడు, అంత పొడుగు రాత కాదు అది.

"ఒరే మస్తానూ, నేనేయించింది కాదురా. ఆ పిల్లోడు ఫోన్లో అడిగినాడు, నేనేదో ఊ అన్నాను. నిన్ను అడగాలనే వచ్చినా పొద్దన్నే. ఇంటికొచ్చినాక అడగలేకపోయినా. ఈ పూట చెయ్యను, ఒట్టు."

పుస్తకం తీశాడు. పెన్ను పెట్టాడు. ఏమీ రాయకుండానే మూసి జేబులో పెట్టుకుని లోపలికి నడిచాడు. ముందు వరుస మధ్యలో ఒక కుర్చీ కాలు ఊగుతుంటే అట్టముక్క పెట్టి సరిచేసుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీ ఎందుకో అక్కడ మా ఇద్దరికే తెలుసు.

నా సొంత సరుకు పావుగంట చెప్పాను. జనం మర్యాదగా నవ్వారు. పప్పు వాసన మొదలైంది. వెనక నుంచి ఎవరో "బస్టాండు మైకు!" అని అరిచారు, ఇంకో నలుగురు అందుకున్నారు. నేను మస్తాన్ వైపు చూశాను. అతను పుస్తకం ఒళ్లో తెరిచి, పెన్ను మూత తీశాడు.

చేశాను. ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి విన్నది ఎక్కడికి పోతుంది? బస్సుల పేర్లు చదవడంతో మొదలయ్యే ఐటెం అది. నేను ఒక్కో ఊరి పేరు చెబుతుంటే అతని పెదాలు నాతో పాటే కదిలాయి. భార్య ఫోన్ వచ్చే చోట హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. సాంబారు మనిషి గరిటె పట్టుకుని అలాగే నిలబడి నవ్వుతున్నాడు. మొదటిసారి నేను బకెట్‌ని గెలిచాను, అదీ నాది కాని దానితో. మళ్లీ చూసేసరికి మస్తాన్ పెదాలు ఆగిపోయి ఉన్నాయి. తలొంచుకుని రాసుకుంటున్నాడు. ఏం రాస్తున్నాడో తెలియక చివరి రెండు నిమిషాలు నేను ఏం చేశానో నాకే గుర్తులేదు. చప్పట్లు గుర్తున్నాయి.

భోజనంలో అతను పెరుగన్నం మెత్తగా కలుపుకుని నెమ్మదిగా తిన్నాడు. పుస్తకం తీయలేదు. హెడ్మాస్టరు గారొచ్చి "మీరెట్టా తట్టుకుంటుండారయ్యా ఈయన పక్కన, ఇంత నవ్విస్తాడు గదా," అని మస్తాన్ భుజం తట్టారు. అతను ఎవరో ఆయనకు తెలియదు. చెబుదామని నోరు తెరిస్తే మస్తాన్ నా కాలు తొక్కాడు.

నాలుగింటికి ఉదయగిరి బస్సు. బస్టాండులో గంటసేపు కూర్చున్నాం. తప్పు చెప్పలేదు, అంటే ఇవ్వలేదు అనుకున్నాను. నిజం చెబుతున్నా, గుండె తేలికైంది. ఫ్లెక్సీ మీద పేరు వేసుకున్నందుకు నాకు కావాల్సిన శాస్తే, షమీమ్ కోరుకున్నదీ అదే, ఇంటికి పోయి హాయిగా పడుకోవచ్చు అనుకున్నాను. బస్సొచ్చింది. అతను లేచి, పుస్తకంలోంచి కాగితాలు చించి, మడిచి నా చొక్కా జేబులో పెట్టి, జేబు మీద ఒకసారి చేత్తో అదిమి, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగాక విప్పాను. పద్ధతి ప్రకారం ఒక్క తప్పు చాలు. నంబర్లు వేసి పద్నాలుగు రాశాడు. "మూడు: భార్యని గయ్యాళిని చేశావు. ఆయన అన్నం తినకుండా పోయాడని ఫోన్ చేసింది ఆమె. కోపం తర్వాత వస్తుంది." "తొమ్మిది: మైకు గరగర ముక్కుతో చేస్తున్నావు. గొంతు అడుగు నుంచి రావాలి, రెండు రోజులు నొప్పి పుడుతుంది, భయపడొద్దు." "పద్నాలుగు: చివర్లో దండం పెట్టొద్దు. మైకు పక్కన పెట్టి వెళ్లిపో." ఏదీ దాచుకోలేదు. అడగనని మాటిచ్చినవాడికి అంతా ఇచ్చేశాడు. ఇల్లు ఖాళీ చేస్తూ గిన్నెలు, బట్టలు, చివరికి తలుపు గొళ్లెం కూడా ఊడదీసి చేతిలో పెట్టినట్టుంది నాకు.

మర్నాడు పొద్దున ఏడు గంటలకి షమీమ్ ఫోన్ చేసింది. "ఈ పొద్దు మూలకి పోలేదన్నా. కూర్చోని గరిటెలు చెక్కుతుండాడు," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నవ్వించడానికి ఊళ్లు తిరిగే పనిలో బస్సులు, టిఫిన్లు, మైకులు అన్నీ అలవాటైపోతాయి. ఒక మనిషి దగ్గర నుంచి వాడి గొంతు తీసుకుని ఇంటికొచ్చే ప్రయాణం మాత్రం నాకింకా అలవాటు కాలేదు. ఆ తర్వాత మూడు ప్రోగ్రాములు చేశాను, బస్టాండు మైకు చేయలేదు. చేస్తే వాడి మూల నేను ఖాళీ చేసినట్టు. చేయకపోతే వాడు ఇచ్చింది మట్టిలో పోసినట్టు. ఈ పూట కొండాపురంలో ఒక స్కూలు వార్షికోత్సవం. ఇది స్టేజీ వెనక కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. కాగితాలు జేబులో ఉన్నాయి, పద్నాలుగూ కంఠస్థం వచ్చాయి, చేయాలా వద్దా ఇంకా తేలలేదు. సరే, ఈ దారిన వెళ్లేవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి ముగిస్తాను. ఉదయగిరిలో కొండ, గరిటెలు రెండూ చూసుకుని ఆత్మకూరు రావాలంటే తొమ్మిదిన్నర బస్సు మీద నమ్మకం పెట్టుకోకండి, ముందురోజే బస్టాండులో ఎవరినైనా అడిగి టైము కనుక్కోండి, ఒకవేళ అది తప్పిపోతే దుత్తలూరు దాకా ఏదో ఒకటి పట్టుకుని అక్కడ దిగి

"పెంచలయ్యన్నా! యాడుండావు? మైకు ఇచ్చేసినారు, పిల్లోళ్లు ఆగడం లేదు, ఏం ఐటెమని చెప్పమంటావు?"

వస్తున్నానయ్యా. దుత్తలూరులో దిగాక రోడ్డుకి కుడి పక్కన