చిలకపచ్చ అక్షరాలు

ప్రొద్దుటూరులో నేను పుట్టి పెరిగిన వీధి చివర ఒక సినిమాహాలు ఉంది. దానికి పాత ముఖం మళ్లీ తెప్పించాలని యజమానికి బుద్ధి పుట్టి నన్ను పిలిపించాడు. హాలు కట్టించింది వాళ్ల తాత. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. నేను జమ్మలమడుగు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరై, అమ్మతో అక్కడే ఉంటున్నాను.

"ముందరి గోడకు కొట్టిన రేకులన్నీ పీకేస్తాండామప్పా. కింద ఏముందో నువ్వే వచ్చి చూడాల," అన్నాడు.

రేకులు విప్పితే పావురాల రెట్టల కింద సిమెంటుతో పోసిన హాలు పేరు బయటపడింది. నా నడుమెత్తు అక్షరాలు. వాటికి ఇరువైపులా రెండు నెమళ్లు, ఒకదానికి మెడ లేదు. గుమ్మం మీది సజ్జ అంచున ఒకప్పుడు బల్బులు వెలిగిన గుంతలు వరసగా ఉన్నాయి. సజ్జ పైన 'నేటి చిత్రం' అని రాసే బోర్డు చట్రం తుప్పుపట్టి వేలాడుతోంది.

చిక్కంతా రంగు దగ్గర వచ్చింది. అక్షరాలు నీలం అని నేను, ఎరుపు అని యజమాని. ఎదురుగా టీ అంగడాయన పసుపని ఒట్టేసి చెప్పాడు. బ్లేడుతో గీకితే పొర కింద పొర, ఏది మొదటిదో ఎవరికి తెలుసు? అప్పుడు గుర్తొచ్చాడు, ముప్పై ఏళ్లు ఆ హాల్లో ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్. మిషన్లు మారి పని పోయాక పులివెందులలో కూతురి దగ్గరికి చేరాడని విన్నాం. బస్సెక్కాను. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల మధ్య అరగంట ఇరుక్కున్నాం. ఆ అరగంటా మా నాన్నే గుర్తొచ్చాడు.

మా నాన్న గుడి పూజారి. కొత్త సినిమా వచ్చిన శుక్రవారం మార్నింగ్ షోకు ముందు హాల్లో పూజ ఆయనదే. ప్రొజెక్టర్‌కు కుంకుమ పెట్టి, తెర ముందు కొబ్బరికాయ కొట్టి, కర్పూర హారతి ఇచ్చేవాడు. గంట మోయడం నా పని. హారతి అయిపోగానే "నువ్వు ఇంటికి పో, నాకు గుళ్లో పనుంది," అనేవాడు. మేం సినిమా ఊసెత్తితే మాత్రం "బుద్ధి చెడిపోతాది," అని కసిరేవాడు. ఆ హాల్లో నేను మొదటి సినిమా చూసింది ఉద్యోగం వచ్చాకే.

పులివెందులలో ఆపరేటర్ మామ అల్లుడి చీనీకాయల మండీలో బత్తాయి గుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, వేళ్ల మధ్య బీడీ మాత్రం మారలేదు. నేనెవరో చెప్పగానే చెయ్యి పట్టుకున్నాడు.

"సామి కొడుకువా! అచ్చం నాయన మొగమే."

రంగు సంగతి అడిగాను. క్షణం ఆలోచించలేదు.

"గోడ గంధం రంగు. అక్షరాలు చిలకపచ్చ. అంచుకు సన్నంగా ఎర్రగీత. యాడన్నా నెమలి రెక్కల సందులో గీకి సూడు, పచ్చ దొరుకుతాది." తర్వాత నవ్వి, "మీ నాయనకు ఆ పచ్చంటే శానా ఇష్టం. మెట్లెక్కేటప్పుడల్లా చెప్తాండె," అన్నాడు.

"మెట్లా? ఏ మెట్లు మామా?"

"నా రూముకు పోయే మెట్లప్పా. నీకు తెల్దా? సామి హారతిచ్చి పైకొస్తాండె. గోడకు రెండు రంధ్రాలుండె. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో సామి. ఆఖరుదాకా నిలబడే సూసేది. స్టూలేస్తే కూసోడు. కూసుంటే సినిమా సూసినట్టయితాదంట!"

మండీలో కూలీలు తిరిగి చూసేంతగా నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

"ఏడుపు సీన్లొస్తే నీ మాదిరే, ఉత్తరీయంతో కండ్లు తుడుసుకుంటాండె," అన్నాడు మామ.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె చాటలో బియ్యం ఏరుతూ తలైనా ఎత్తలేదు.

"ఆ పంచెలు ఉతికిందెవరనుకున్నావు? శుక్రవారం పంచెకు బీడీ వాసన. మీ నాయన బీడీ ముట్టడు. పైగా సాయంత్రం దీపం పెడుతూ కొత్త పాట కూనిరాగం."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే మానేస్తాండె." బియ్యంలోని రాయి ఏరి పక్కన పడేసి, "నన్ను గూడా ఒకసారి పిలుచుకోని పోయింటే బాగుండు," అంది.

మర్నాడు నెమలి రెక్కల సందులో గీకాను. మామ చెప్పిన పచ్చే, లేత అరటాకులా మెరిసింది. ఒక మేస్త్రి నెమలికి మెడ పోశాడు. అది కాస్త కోడి మెడలా వచ్చింది, ఎవరూ మార్చమనలేదు. అక్షరాలకు నేనే రంగు వేశాను. భుజం లాగినప్పుడల్లా నిచ్చెన దిగి టీ తాగి మళ్లీ ఎక్కేవాణ్ణి. పని మూడు వారాలు పట్టింది.

హాలు మళ్లీ తెరిచిన రోజు సాయంత్రం అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. బల్బులు వెలగగానే రోడ్డు మీద జనం ఆగిపోయారు. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని పేరు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. లోపల మెత్తటి సీట్లో కూర్చుని సినిమా పూర్తిగా చూసింది. ఫైటింగుల్లో చెవులు మూసుకుంది. పాటలకు చేతివేళ్లతో తాళం వేసింది.

ఇప్పుడు ప్రతి గురువారం జమ్మలమడుగు నుంచి బస్సులో పోయి, 'నేటి చిత్రం' బోర్డు మీద మర్నాటి సినిమా పేరు కుంచెతో రాసి వస్తున్నాను. ఫ్లెక్సీ వేస్తే చవకని యజమానికి తెలుసు. అయినా ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు.